పాట ఆగినప్పుడు హాజరైనవారు

"బజార్లో ఇచ్చేత్తే అరగంటలో తేల్చేత్తాడు," అంది భ్రమరాంబ నాలుగోసారి. "మీరేటో మూడ్రోజుల్నుంచి దాన్ని ఒళ్ళో ఎట్టుకుని కూకున్నారు."

"బజారోడికేటి తెలుసు? ఏదో పార్టు మార్సి పంపేత్తాడు. రోగం ఎక్కడుందో సూడడు," అన్నాడు సత్యం, కింద పాలు పోస్తున్న మనిషి తలెత్తి చూసేంత గట్టిగా.

"అరవకండి. నాను పక్కనే ఉన్నాను."

"ఆఁ?"

"ఏటీ లేదండి," అని భ్రమరాంబ ఫోను లాక్కుంది.

ఆ ఇంట్లో ఈ తగువు మంగళవారం మొదలై గురువారం పొద్దుటికి ముదిరింది. ఈ వారం నుంచి భ్రమరాంబ రోజూ ఐదున్నరకే లేచి, హాల్లో టీపాయ్ గోడకు జరిపి, ఫోనును స్టీలు గిన్నెలో నిలబెట్టి, పాట పెట్టుకుని కోలాటం అడుగులు సాధన చేసుకుంటోంది. గిన్నెలో పెడితే చిన్న ఫోను పాట కూడా హాలంతా మోగుతుంది. అలా మోగుతున్న పాట ఉన్నట్టుండి ఆగిపోతోంది. తెర మీద గీత మాత్రం కదులుతూనే ఉంటుంది, గొంతు రాదు. ఒక్కోసారి గీత కూడా నిలిచిపోతుంది. మళ్ళీ నొక్కితే కాసేపు పాడుతుంది, కాసేపు పాడదు. సత్యం చేతిలోకి తీసుకుంటే మాత్రం అది నోరే విప్పదు.

మామూలు రోజుల్లో అయితే ఇదేమంత కష్టం కాదు. ఆదివారం ఎలమంచిలిలో కోలాటం పోటీ ఉంది. గోపాలపట్నంలోని వాళ్ళ అపార్ట్‌మెంటు నుంచి ఎనిమిది మంది ఆడవాళ్ళు వెళ్తున్నారు. ఎవరి పాట వాళ్ళే ఫోనులో తెచ్చుకోవాలి. మధ్యలో పాట ఆగితే ఆట ఆగినట్టే లెక్క. కరపత్రంలో "భ్రమరాంబ జట్టు" అని అచ్చు వేశారు. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో రేషన్ కార్డు మీద తప్ప ఆవిడ పేరు అచ్చులో చూడటం సత్యానికి ఇదే మొదలు. ఆ కరపత్రాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించింది ఆయనే. పాట సంగతి తాను చూసుకుంటానని మాట ఇచ్చిందీ ఆయనే.

సత్యం స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఏ యంత్రం ఆగినా ముందు లాగ్ బుక్ తెరవడం ఆయన అలవాటు. మనవరాలు అలేఖ్య వదిలేసి వెళ్ళిన నోటు పుస్తకంలో స్కేలుతో ఐదు గళ్ళు గీశాడు: తేదీ, సమయం, జరిగినది, హాజరైనవారు, తీసుకున్న చర్య. హాజరైనవారి గడి ఎందుకని భ్రమరాంబ అడిగితే, "రేప్పొద్దున్న ఎవులూ 'నాను అక్కడ లేను' అనకండా," అన్నాడు.

అయితే ఆ పుస్తకంలో ఎక్కించని సంగతి ఒకటి ఆయన చొక్కా జేబులో ఉంది.

రెండు నెలల కిందట కూతురు ఆశాజ్యోతి సబ్బవరం నుంచి వచ్చి, డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళి, ఆయన రెండు చెవులకూ మిషన్లు ఇప్పించింది. బయటికి కనబడనివే కావాలని పట్టుబట్టి శనగగింజంతవి ఎంచుకున్నాడు సత్యం. మర్నాడు అవి పెట్టుకుని మెట్లు దిగుతుంటే కింది అంతస్తులో పిల్లలు ఆడుకుంటున్నారు. ఒకడు నడుం వంచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఆఁ? ఆఁ?" అంటూ తిరుగుతున్నాడు. మిగతావాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. వెక్కిరింత ఎవరి మీదో తెలియడానికి ఆయనకు నాలుగు మెట్లు పట్టింది. తాను అన్నిసార్లు "ఆఁ" అంటాడని అంతవరకూ ఆయనకు తెలియదు. ఆ మధ్యాహ్నమే మిషన్లు తీసేశాడు.

తీసేశానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే వాటిని పెట్టెలోంచి తీసి జేబులో వేసుకుంటాడు. పెట్టె ఖాళీగా ఉంటే చెవుల్లో ఉన్నట్టేనని భ్రమరాంబ నమ్మకం. ఎలాగూ బయటికి కనబడవు. ఇంకా సరిగా వినబడదేమని అడిగితే, "అలవాటవ్వాల. డాక్టరే సెప్పినాడు," అంటాడు. ఎవరేం చెప్పినా వీలైనంతవరకు తలూపుతాడు. తలూపే మనిషిని ఎవరూ వెక్కిరించరు.

గురువారం సత్యం ఇంట్లోని కరెంటు సామాన్లన్నీ ఒక్కొక్కటే ఆపి చూశాడు. ఆపినదానికల్లా ఎర్ర రిబ్బను కట్టి, "పని జరుగుచున్నది, స్విచ్ వేయరాదు" అని చీటీ తగిలించాడు. ప్లాంటులో ఆ చీటీని కట్టినవాడే విప్పాలి. ముప్పై నాలుగేళ్ళు ప్లాంటు మనిషితో కాపురం చేసిన భ్రమరాంబకు ఆ నియమం తెలుసు. అందుకే ఫ్రిజ్ జోలికి పోలేదు. సాయంత్రం సత్యం గుర్తు తెచ్చుకుని చీటీ విప్పేసరికి, ఆదివారం బస్సులో తినడానికని రుబ్బి ఉంచిన పిండి గిన్నె దాటి కూరగాయల అరలోకి దిగింది.

"పాట మాత్రం మామూలుగానే ఆగింది," అంది భ్రమరాంబ, వంకాయలు కడుగుతూ.

సత్యం తలూపి, ఇల్లు చాలదనుకుని, శుక్రవారం మొత్తం అపార్ట్‌మెంటుకే షట్‌డౌన్ అడిగాడు. సంఘం అధ్యక్షుడు అర్జునరావు గంటసేపు ఒప్పుకున్నాడు. సత్యం కిందికి వెళ్ళి, మెయిన్ స్విచ్ తన చేత్తోనే దించి, ఎవరూ ముట్టుకోకుండా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పైన నాలుగో అంతస్తులో భ్రమరాంబ పాట పెట్టింది. గంటలో పాట ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆగింది లిఫ్టు. అందులో గంగాలమ్మ ఉంది. ఆవిడ జట్టులో రెండో మనిషి. కొత్తగా రంగులు వేయించిన కోలాటం కర్రలు తీసుకుని పైకి బయలుదేరింది. అరగంట తర్వాత ఆవిణ్ణి బయటికి తీసినప్పుడు చీర కొంగుతో విసురుకుంటూ సత్యం ఎదురుగా నిలబడింది.

"అన్నయ్యగారూ, పది అడుగుల దూరంలో కుర్సీ ఏసుకుని కూకున్నారు. తలుపు బాది బాది రెండు కర్రలు ఇరగ్గొట్టీసినాను. మీకు ఒక్క దెబ్బైనా ఇనపడలేదా?"

సత్యం తలూపాడు. గంగాలమ్మ విరిగిన కర్రలు ఏరుకుని వెళ్ళిపోయింది.

లాగ్ బుక్కులో లెక్క తేలిపోయిందనే సత్యం అనుకున్నాడు. కరెంటు లేనప్పుడు పాట ఆగలేదు. కాబట్టి కరెంటుతో నడిచేదేదో పాటను ఆపుతోంది. తన ఇంట్లో సామాన్లన్నీ చూసేశాడు. మిగిలింది పై అంతస్తు. అక్కడ రిచర్డు ఉంటాడు, పోర్టులో క్రేను ఆపరేటరు. క్రిస్మస్ దగ్గరపడటంతో రోజూ డ్యూటీ నుంచి రాగానే కీబోర్డు, స్పీకరు పెట్టి చర్చి పాటలు సాధన చేయిస్తున్నాడు. పుస్తకంలో సాయంత్రం ఆరు గంటల ఆగుళ్ళు నాలుగు ఉన్నాయి.

సత్యం పుస్తకం పట్టుకుని పైకి వెళ్ళాడు. రిచర్డు తల్లి విమలమ్మ తలుపు తీసింది. లోపల చాప మీద ఆరుగురు పాటల పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు.

"మీ సామాను మా పాటని లాగేత్తంది," అన్నాడు సత్యం. అటు మూడో అంతస్తులోనూ ఎవరో తలుపు తీశారు. "తొమ్మిదిసార్లు ఆగినాది. అంతా రాసి ఉంది. ఆదివారం మా ఆడోళ్ళ పోటీ. ఏటి సేద్దామనుకుంటన్నావ్?"

"అంకుల్, మాది వైరు స్పీకరండి," అన్నాడు రిచర్డు మెల్లగా. "మీ ఫోనుకీ దీనికీ సంబంధమే ఉండదు."

రిచర్డు పెదవులు కదలడం సత్యానికి కనిపించింది. ముఖం చూస్తే క్షమాపణలా ఉంది. తలూపాడు. "సర్లే. ఒప్పుకున్నావు, అంతే సాలు."

రిచర్డు తల్లి వైపు చూశాడు. పెద్దాయనతో ఏమంటామన్నట్టు ఆవిడ కళ్ళు దించుకుంది. రిచర్డు కీబోర్డు వైరు పీకి చుట్ట చుట్టాడు. "ఆదివారం దాకా మానేస్తామండి," అన్నాడు. చాప మీది ఆరుగురూ పుస్తకాలు మూశారు.

కిందికి వచ్చి సత్యం చివరి గడిలో రాశాడు: "రిచర్డుతో మాట్లాడితిని. తప్పు ఒప్పుకున్నాడు."

శనివారం సాయంత్రం చివరి రిహార్సలు. ఆశాజ్యోతి కూతురు అలేఖ్యను తీసుకుని సబ్బవరం నుంచి వచ్చింది. హాల్లో సోఫా నిలబెట్టేశారు. ఎనిమిది మందీ చిలకాకుపచ్చ చీరల్లో దిగారు. విరిగిన కర్రల బదులు గంగాలమ్మ ఒక చేతిలో చపాతీ కర్ర, ఒక చేతిలో కవ్వం పట్టుకుంది. సత్యం అరటిపళ్ళకని బజారుకు వెళ్ళాడు. స్టీలు గిన్నెలో పాట మొదలైంది. మొదటి చరణం, రెండో చరణం, గుండ్రంగా తిరుగుడు, జంటలు మారడం, అన్నీ తాళం తప్పకుండా సాగాయి. భ్రమరాంబ ముఖంలో ఇన్ని రోజుల తర్వాత నవ్వు కనిపించింది.

సత్యం అరటిపళ్ళతో గడపలో కాలు పెట్టాడు. పాట ఆగింది.

తిరుగుతున్నవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. చపాతీ కర్ర భ్రమరాంబ వేళ్ళ మీద పడింది. సత్యం వెనకే గుమ్మంలో రిచర్డు నిలబడి ఉన్నాడు, భుజం మీద నల్లటి స్పీకరుతో.

"ఫోను సౌండు మైదానంలో చాలదేమోనని తెచ్చానండి," అన్నాడు భ్రమరాంబతో. "ఎలాగూ మేం వాడట్లేదు కదా. రేపు పట్టుకెళ్ళండి."

ఆ మాటలు సత్యానికి అందలేదు. ఆయన చెయ్యి పైకెత్తాడు. "ఎవులూ కదలకండి. మాటాడకండి. ఆగిన మెషిను కాడ ముందు సైలెన్సు ఉండాల. అప్పుడే రోగం తెలుత్తాది."

ఎనిమిది మంది ఎత్తిన కర్రలు ఎత్తినట్టే ఉంచారు. అలేఖ్య ఊపిరి బిగబట్టింది. ఫ్యాను కూడా ఆపేశారు.

ఆ నిశ్శబ్దంలో ఎక్కడి నుంచో సన్నగా, దోమ పాడుతున్నట్టు, కోలాటం పాట వినిపించింది. గంగాలమ్మ సోఫా వెనక చూసింది. భ్రమరాంబ గిన్నె మీదికి వంగి చెవి పెట్టింది, అక్కడ కాదు. ఒక్కొక్కరి తలే తిరిగి, అందరి చూపులూ సత్యం దగ్గరికి వచ్చి, ముఖం మీద నుంచి జారి, చొక్కా జేబు మీద ఆగాయి.

తన ఆజ్ఞ కోసం చూస్తున్నారనుకుని సత్యం ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు. "ఏటలా సూత్తారు? నానేదో సేసినట్టు."

భ్రమరాంబ దగ్గరికి వచ్చి ఆయన జేబులో చెయ్యి పెట్టింది. అరచేయి తెరిస్తే రెండు శనగగింజలు. చరణం పూర్తిచేసి మళ్ళీ పల్లవి అందుకున్నాయి. గదిలో ఉన్నవాళ్ళందరికీ వినబడింది, ఒక్క సత్యానికి తప్ప.

ఆశాజ్యోతి తండ్రి చెవి దగ్గరికి వచ్చి, గట్టిగా చెప్పక తప్పదు కాబట్టి గట్టిగానే చెప్పింది. "ఆ రోజు చెప్పాను కదా నాన్నా. మీది బటన్ల ఫోను, దానికి ఇవి కలవవు. అందుకని అమ్మ ఫోనుకి బ్లూటూత్‌తో కలిపాను. ఆ ఫోనులో పాట వస్తే మీ చెవుల్లోనే వినొచ్చన్నాను. మీరు దగ్గరకొస్తే పాట వీటిలోకి వచ్చేస్తుంది, దూరం వెళ్తే ఆగిపోతుంది. అంతా చెప్పాను. మీరు తలూపారు."

"నాను వంటింట్లో ఉన్నాను గావాల," అంది భ్రమరాంబ. "నాకు తెల్దు."

ఆవిడ కేకలు వేయలేదు. వేసి ఉంటే సత్యానికి కొంత సులువుగా ఉండేది. టీపాయ్ మీది లాగ్ బుక్ తీసి, నాలుగో గడి వెంట వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. "హాజరైనవారు: సత్యం, భ్రమరాంబ. సత్యం. సత్యం, గంగాలమ్మ. సత్యం. సత్యం, భ్రమరాంబ." ఆ గొంతు ఆయనకు అందలేదు. కానీ వేలు ఏ గడిలో దిగుతోందో కనిపించింది. రాసింది ఆయనే, చదివి వినిపించనక్కర్లేదు. తొమ్మిది వరసల్లోనూ మొదటి పేరు ఒక్కటే. షట్‌డౌన్ నాటి వరసలో మాత్రం "సత్యం, కింద" అని ఉంది.

వేలు చివరి గడిలోకి వెళ్ళింది. భ్రమరాంబ అక్కడ ఆగి, చదవకుండానే పుస్తకం మూయబోయింది. అప్పటికే రిచర్డు ఆవిడ భుజం మీదుగా తన పేరు చూశాడు. స్పీకరు కింద పెట్టి, దాని వైరు చిక్కులు విప్పుతూ, "ఈ నల్ల బటను నొక్కితే ఆనవుతుందండి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

సత్యం చేతిలో అరటిపళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి.

రిహార్సలు మళ్ళీ మొదట్నుంచి జరిగింది. పాట చివరిదాకా ఆగలేదు. ఆడవాళ్ళు పళ్ళు తిని, నవ్వు ఆపుకుంటూ మెట్లు దిగారు. ఆయనకు నవ్వులు వినపడవు కాబట్టి వాళ్ళు మెట్ల దాకా కూడా ఆగనక్కర్లేదు. అయినా ఆగారు. అది ఆయనకు ఇంకా కష్టంగా ఉంది.

అన్నాల వేళకు నలుగురే మిగిలారు. అలేఖ్య అమ్మమ్మ ఫోనులో ఏవో రెండు నొక్కి, తాతయ్య మిషన్లను దాని నుంచి విడదీసింది. సత్యం కంచం ముందు కూర్చుని, తలుపు వైపు ఒకసారి చూసి, ఒక్కొక్కటే చెవుల్లో పెట్టుకున్నాడు.

ముందు ఫ్యాను వినిపించింది. తర్వాత గరిట. తర్వాత అలేఖ్య అప్పడం కొరకడం. ఆయన తలెత్తి పైకప్పు వైపు చూశాడు. ఈ వేళకు పైన కీబోర్డు మోగాలి. ఏమీ లేదు. అంత బాగా వినబడుతున్నా, అక్కడ ఏమీ లేదు.

"నాను," అన్నాడు. ఆ మాట ఎదుటి గోడకు కొట్టుకుని తిరిగొచ్చి ఆయన్నే అదరగొట్టింది. ఇన్నాళ్ళూ మాట్లాడింది ఈ గొంతుతోనా? నిన్న విమలమ్మ గుమ్మంలో, ఆరుగురి ముందు, ఈ గొంతుతోనా?

గొంతు దించాడు. ఇంకాస్త దించాడు. కంచంలోకి చూస్తూ, "రేపట్నుంచి ఇవి నాను తియ్యను," అన్నాడు. "పొద్దున్నే ఎలమంచిలి బయల్దేరేముందు పైకెల్లి, రిచర్డుకీ ఆళ్ళమ్మకీ తప్పు నాదేనని నానే సెప్తాను."

భ్రమరాంబ, ఆశాజ్యోతి, అలేఖ్య ముగ్గురూ ఒక్కసారే ముందుకు వంగారు.

"ఆఁ?" అన్నారు.