తోడేలు ఆకలికీ ఉబ్బిన నరాలకీ ఒకటే మందు

ఆకలేస్తే తినేయడం ఎంత మోటు పని! నాగరికులు ముందు ఆ ఆకలికి పేరు వెతుకుతారు. పేరు దొరికితే సగం ఆకలి దానంతటదే చస్తుంది. మిగతా సగం సంగతి చల్లారిన టీ చూసుకుంటుంది.

నమ్మరా? అయితే యార్క్‌షైర్‌లోని మా ఊరి చర్చి హాలుకు ఓ గురువారం మధ్యాహ్నం రండి. పాత మాటల సంఘం కూడేది అక్కడే. చచ్చిపోయిన ఇంగ్లిషు మాటలకు ప్రాణం పోయడం సంఘం పని. బతికున్నవాళ్లకు టీ పోయడం అధ్యక్షుడు క్లిఫర్డ్ గారి భార్య మోరీన్ పని.

నియమం ఒక్కటే. "ఆకలేస్తోంది" అని ఎవరూ అనకూడదు! అందరూ తమ ఆకలిని తలా ఓ పాత మాటలో చెప్పుకున్నాకే శాండ్‌విచ్‌ల మీద ప్లాస్టిక్ పొర తీయాలి. ఆ తర్వాతే టీ. అందరి చేతికీ కప్పు అందేదాకా పోసే మనిషి కూర్చోకూడదన్నది ఎవరూ రాయని నియమం. అది రాయాల్సిన అవసరం ఈ దేశంలో ఎప్పుడూ రాలేదు.

మొన్నటి గురువారం, లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఈనిడ్ "నేను ఎషూరియెంట్‌గా ఉన్నాను" అంది. చప్పట్లు. మాజీ పోస్ట్‌మ్యాన్ నారిస్ "నా కడుపులో తోడేలుంది" అన్నాడు. మరిన్ని చప్పట్లు! పూర్వం అలాగే అనేవారట. విపరీతమైన ఆకలికే ఉన్న బ్యూలిమీ అనే ఇంకో పాత మాటలో, దాని గ్రీకు మూలం ప్రకారం, దాగున్నది మాత్రం ఎద్దు. తోడేలు ఆకలి పెద్దదా, ఎద్దు ఆకలి పెద్దదా? చర్చ ఎంత రసవత్తరంగా సాగిందంటే, పొర కింద గుడ్డు శాండ్‌విచ్‌ల అంచులు మీసాల్లా మెలితిరిగిపోయాయి. తోడేలు పస్తు. ఎద్దూ పస్తే. ఇంతకన్నా మంచి డైటింగ్ ఏ డాక్టరు చెప్పగలడు?

ఇంతసేపూ మోరీన్ కుళాయి ఉన్న టీ డ్రమ్ము వెనకే నిలబడి ఉంది. బల్లలు సర్దిన దగ్గర్నుంచీ ఆమె కూర్చున్నది లేదు. ఎడమ మోకాలి వెనక నరం నీలం ఊలు ముడిలా ఉబ్బింది. కాలు మార్చి నిలబడింది. ఆ కాలూ సలిపింది. ఆ ఒక్క పూటకి ఆమెకు కావలసింది ఏ భాషలోనూ అరుదైన వస్తువు కాదు.

"క్లిఫర్డ్, కాళ్లు లాగేస్తున్నాయి. నరాలు ఉబ్బాయి. కాస్త కూర్చోనా?"

"ఉబ్బిన నరాలా!" క్లిఫర్డ్ ముఖం వెలిగిపోయింది. "దానికెంత చక్కని మాటుందో తెలుసా బంగారం? వేరిక్స్!"

"అబ్బ! నోట్లో వేసుకుంటే కరిగిపోయేలా ఉంది" అంది ఈనిడ్.

"అదృష్టవంతురాలివమ్మా మోరీన్" అని నిట్టూర్చాడు నారిస్. "నాదీ ఉంది ఎందుకు, ఒట్టి మోకాలినొప్పి."

క్లిఫర్డ్ పక్కకు తిరిగాడు. పక్క కుర్చీలో మెత్త మీద సంఘం వారి నిఘంటువు కొలువుదీరి ఉంది. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆయన నిలబెట్టి చదివాడు. నిలబెట్టింది మోరీన్‌నే లెండి. అందరూ చప్పట్లు కొట్టారు. చేతులు ఖాళీగా ఉన్నాయి కదా అని ఆమె కూడా కొట్టింది. దాంతో నొప్పి తగ్గిందా అంటారా? అలాంటి మోటు ప్రశ్నలు అడక్కండి!

మోరీన్ డ్రమ్ము వెనక నుంచి ఇవతలికి వచ్చింది. నిఘంటువును రెండు చేతులా ఎత్తి తీసుకెళ్లి డ్రమ్ము పక్కన పెట్టింది. తిరిగొచ్చి ఆ మెత్త మీద కూర్చుంది. పొర తీసి, ఓ శాండ్‌విచ్ అందుకుని, తీరిగ్గా నమలడం మొదలుపెట్టింది.

క్లిఫర్డ్ డ్రమ్ము వైపు చూశాడు.

"బంగారం, మరి టీ ఎవరు పోస్తారు?"

"అందులో వెతుకు, క్లిఫర్డ్. పోసేవాళ్లకీ ఏదో చక్కని మాట ఉండే ఉంటుంది."

పాత మాటలు వరమన్నదే ఇప్పటికీ నా వాదన. లేకపోతే సంఘమంతా లేచి డ్రమ్ము చుట్టూ మూగి, అంత శ్రద్ధగా పేజీలు తిప్పుతుందా? కుళాయి వాళ్ల చేతికి జానెడు దూరంలోనే ఉంది. అదీ తిరుగుతుందని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.