వెనక్కి చాచిన చెయ్యి

ఆ ఆదివారం ప్రెస్సాయన పెట్టుకున్న పనులు రెండే. ఏడింటికి చర్చిలో పూజ, తొమ్మిదింటికి ఇంట్లో గోడ. పక్కిల్లు టైలరుగా పనిచేసే బావమరిదిది. రెండిళ్ళకూ మధ్య ఒక తలుపుంది. తొమ్మిదేళ్ళ క్రితం బావమరిది తన కూతురి పెళ్ళి శుభలేఖలు వేరే ప్రెస్సులో అచ్చు వేయించాడు. సొంత బావ ప్రెస్సు పెట్టుకుని పక్కనే ఉండగా! ఆ రోజు ఆ తలుపుకు గడియ పడింది. ఇవాళ ఏకంగా తలుపు తీయించి ఇటుకలతో పూడ్పించేద్దామని ప్రెస్సాయన మేస్త్రిని రమ్మన్నాడు.

"ఒక్కగానొక్క తమ్ముడండీ. తలుపేసున్నా వాడి దగ్గైనా వినపడుతోంది. గోడ కడితే అదీ ఉండదు," అని భార్య కళ్ళొత్తుకుంది.

"దగ్గే కావాలంటే నేను దగ్గుతాలే," అన్నాడాయన.

పూజలో ఫాదర్, "ఒకరికొకరు శాంతి తెలుపుకోండి," అన్నారు. ప్రెస్సాయన కళ్ళు గడియారం మీద, మనసు ఇటుకల మీద ఉన్నాయి. నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కి చాచి, "క్రీస్తు శాంతి మీకు కలుగును గాక," అనేశాడు. ఎవరో ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని అదే మాట గొణిగారు. తిరిగి చూస్తే, బావమరిది! పైగా కళ్ళ నిండా నీళ్ళు!

ప్రెస్సాయన కొయ్యబారిపోయి, చెయ్యి వదలడం కూడా మర్చిపోయాడు. పక్క వరుసలోంచి భార్య, "తమ్ముడూ!" అని కెవ్వుమంది. పాడేవాళ్ళు పాట ఆపేశారు. ఫాదర్ కళ్ళు తుడుచుకుని, "తొమ్మిదేళ్ళకు మన చర్చిలో ఒక మాట ఫలించింది," అని మైకులో చెప్పేశారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆయన ఇంటికొచ్చేసరికి తలుపు పెరట్లో పడుంది. ముందే పరుగెత్తుకొచ్చిన భార్య మేస్త్రి చేత దాన్ని ఊడబెరికించి, ఇటుకలు వెనక్కి పంపేసింది. ఆ ఖాళీలోంచి బావమరిది భార్య కూర గిన్నెలతో వచ్చింది. వెనకాలే కుట్టుమిషనూ వచ్చింది. "ఇటువైపు వెలుతురు బాగుందండీ," అంటూ ఆవిడ ప్రెస్సాయన కుర్చీని మూలకు జరిపింది. ఎంత ఘోరం!

ఆయన లబోదిబోమంటూ ఫాదర్ దగ్గరికి పరుగెత్తాడు.

"ఫాదర్, నేనేదో అలవాటుగా అన్నాను. మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు!"

ఫాదర్ నిర్ఘాంతపోయారు. "ప్రార్థనలో మాటలు మనసు లేకుండా అంటారా? ఇంకా ఏవేవి అలా అంటారు?"

ప్రెస్సాయన నిజాయితీగా ఆలోచించాడు. "పరలోక జపంలో 'మేము క్షమించినట్లు' దగ్గర్నుంచి 'ఆమెన్' దాకా, ఫాదర్."

ఫాదర్ చర్చి మెట్టు మీద కూలబడ్డారు. "ఆమెన్ అంటే అలాగే జరగాలని. మీరన్నారు, జరిగింది. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

ఇక దిక్కులేక ప్రెస్సాయన బావమరిదిని పెరట్లోకి లాక్కెళ్ళాడు. "ఇదిగో, నువ్వని తెలిసి చెయ్యి ఇవ్వలేదు నేను!"

బావమరిది అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేనూ అంతే బావా. కళ్ళజోడు తేలేదు. ముందున్నది మందుల షాపాయన అనుకున్నా."

ప్రెస్సాయన నోరెళ్ళబెట్టాడు. "మరి ఆ కన్నీళ్ళు?"

"జలుబు."

"అయితే చెయ్యి వదిలెయ్యొచ్చుగా!"

"నువ్వు వదిల్తేగా!"

అప్పుడే లోపల్నుంచి ప్రెస్సాయన భార్య నవ్వు వినపడింది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో వినపడని నవ్వు.

"నువ్వు చెప్తావా?" అన్నాడు ప్రెస్సాయన మెల్లగా.

"అక్కకా? అమ్మో, నా వల్ల కాదు. నువ్వే చెప్పు బావా."

ఇద్దరూ ఏమీ ఎరగనట్టు భోజనానికి లోపలికి నడిచారు.

తర్వాతి ఆదివారం ప్రెస్సాయన, వెనక ఎవరూ ఉండకూడదని, పావుగంట ముందే చర్చికి వెళ్ళి చిట్టచివరి వరుసకు నడిచాడు. అక్కడ అప్పటికే బావమరిది కూర్చుని ఉన్నాడు.