తెనో ఒడ్డున తివాచీ

వైనోకి ఉన్నట్టుండి ఇంటి శుభ్రం మీద మమకారం పుట్టుకొచ్చింది. అదీ ఎప్పుడు? దేశం ఉత్తరపు కొసకి సెలవుల ప్రయాణం కట్టిన రోజు పొద్దున్న! హాల్లో పరిచిన మూడు మీటర్ల పీలికల తివాచీని గబగబా చుట్టేసి, రెండు చివర్లా తాడు బిగించి, కారు నెత్తిన కట్టేస్తున్నాడు.

ఆయన భార్య తైమీ కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏమయ్యా, తివాచీ ఎక్కడికి?"

"మనతోనే. తెనో నది నీళ్ళు ఎంత మెత్తటివే! అక్కడ ఒక్కసారి ఉతికితే రంగులన్నీ కొత్తవైపోతాయి."

"ఉతికేదెవరు?"

"నేనే."

"నువ్వా?"

"ఏం, నాకు చేతుల్లేవా?"

"ఉన్నాయిలే. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళకి ఇవాళ గుర్తొచ్చినట్టున్నాయి" అని తైమీ లోపలికి వెళ్ళిపోయింది. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. బుద్ధున్న మొగుడైతే అక్కడే భయపడాలి. వైనో పడలేదు. గెలిచాననుకుని ఈల వేసుకున్నాడు.

తివాచీ కడుపులో రెండు గాలపు కర్రలున్నాయి మరి.

సంగతేమిటంటే, పదకొండేళ్ళుగా వైనో ప్రతి వేసవికీ "ఈసారి నీకు మంచు సముద్రం చూపిస్తానే" అంటూ ఆవిణ్ణి కారెక్కిస్తున్నాడు. తీరా తెనో ఒడ్డున ఎల్లె అనే పెద్దావిడ విడిదికి చేరి, నది కంటపడగానే సముద్రం మరిచిపోతాడు. సముద్రం అక్కడికి గంటన్నర దూరం. పదకొండేళ్ళలో ఆ గంటన్నర దొరకలేదు!

తెనోలో సాల్మన్ పట్టాలంటే పడవలో ఒకరు తెడ్లు వెయ్యాలి, ఒకరు వెనక గాలాల దగ్గర కూర్చోవాలి. తెడ్లు తైమీవి, కూర్చోవడం వైనోది. "చుట్టూ చూడవే, ఎంత అందమో!" అని మధ్యమధ్య ఆయనే చెప్పేవాడు. తెడ్డు వేసేవాళ్ళ మొహం వెనక్కే ఉంటుంది కదా, ఆవిడ చూసిన అందమంతా వైనో బూట్లే.

పోయినేడు ఆఖరి రోజున తైమీ ఆ తెడ్లు రెండూ తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది.

"ఇక వీటిని ముట్టను. వచ్చే ఏడు మన కారులో ఒక్క గాలపు కర్ర కనిపించిందా, నేను బస్సెక్కి ఒంటరిగా సముద్రానికి పోతాను. తిరిగి రావాలో వద్దో అక్కడ కూర్చుని ఆలోచిస్తాను."

వైనో ప్రమాణం చేశాడు. మర్నాటి నుంచే దాన్ని తప్పించుకునే దారి వెతికాడు.

పాపం, ఆయన్ని మరీ తిట్టకండి, ఆయన బాధ ఆయనది. ఎల్లె విడిదిలో భోజనాల గది గోడ నిండా చెక్క చేపలుంటాయి. పదిహేను కిలోలు దాటిన సాల్మన్ పడితే దాన్ని చెక్క పలక మీద పడుకోబెట్టి, చుట్టూ గీత గీసి, ఆ ఆకారం కోసి, పట్టినవాళ్ళ పేరూ బరువూ రాసి గోడకి కొడతారు. వైనో కుర్చీకి సరిగ్గా ఎదురుగా ఉన్నది "ఒస్మో, పద్దెనిమిది కిలోలు". ఈ ఒస్మో తైమీకి స్వయానా అన్న. ప్రతి క్రిస్మస్ భోజనంలోనూ ఆ చేప కథ చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ అది ఇంకాస్త గట్టిగా గుంజుతుంది. వైనో పేరు మాత్రం గోడ మీద ఎక్కడా లేదు. చచ్చేలోగా ఎక్కాలి, అంతే.

రెండు రోజుల ప్రయాణం. మధ్యలో ఒకచోట బస చేసినప్పుడు వైనో ఆవిరి స్నానాల గదిలో గంటసేపు కళ్ళు మూసుకుని, పట్టబోయే చేపని తూకం వేసుకున్నాడు. ఆ గంటా తైమీ ఏం చేస్తోందో ఆయనకి పట్టలేదు.

ఎల్లె విడిదికి చేరిన మర్నాడు పొద్దున్నే తివాచీ భుజానికెత్తుకున్నాడు.

"సముద్రానికి ఎప్పుడు?" అంది తైమీ.

"మధ్యాహ్నం! ఇది ఉతికేసి ఇట్టే వచ్చేస్తా."

"ఇట్టే అంటే?"

"నాలుగు గంటలు."

"నాలుగు గంటలా? అంతసేపు రుద్దితే నల్ల గుర్రం కూడా తెల్లబడుతుంది."

"నేను పని పట్టానంటే శుభ్రంగా చేస్తాను!" అని ఛాతీ విరుచుకుని వెళ్ళిపోయాడు.

ఒడ్డున ఉతికే బల్లల దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు సబ్బు నురగలో ఉన్నారు. తివాచీ మోసుకొచ్చిన మగాణ్ణి చూసి మురిసిపోయి పక్కకి జరిగారు. "రా నాయనా, బల్ల ఇక్కడ!" అన్నారు. "ఇదిగో, విప్పుకుని వస్తా" అంటూ వైనో పడవల పాక వెనక్కి దూరి తాళ్ళు విప్పాడు.

తివాచీలోంచి ఒక చీపురు కర్ర పడింది. తర్వాత ఇల్లు తుడిచే కర్ర పడింది. ఆ తర్వాత దేవదారు సబ్బూ, బ్రష్షూ పడ్డాయి.

"ఏమయ్యా! సబ్బు దొరికిందా?" నది మీంచి కేక.

ఎల్లె తెడ్లు వేస్తోంది. పడవ వెనక, వైనో చోట్లో, తైమీ కూర్చుంది. అటొకటీ ఇటొకటీ ఆయన గాలపు కర్రలు. నెత్తిన ఆయన టోపీ.

"అవి నా గాలాలే!"

"చేపలు పట్టే పర్మిట్ నాది!"

"ఎల్లెమ్మా, ఇదేం అన్యాయం? పర్మిట్ నా పేరున రాయించి ఉంచమని ఫోను చేశానే!"

"చేశావు నాయనా" అంది ఎల్లె తెడ్డు ఆపకుండా. "నువ్వు పెట్టేసిన ఐదు నిమిషాలకి నీ ఇల్లాలు చేసింది. పదకొండేళ్ళు నా నదిలో తెడ్డు వేసినామె మాట వినాలా, వెనక కూర్చున్నవాడి మాట వినాలా?"

"తైమీ, అసలు నీకెలా తెలిసిందే?"

"మధ్యవేసవి పండుగ ముందు ఊరంతా తివాచీలు ఉతుకుతారా లేదా? పోయిన శుక్రవారమే నేనూ ఉతికాను. దీన్ని మోసుకెళ్ళి కంచె మీద ఆరేసిందెవరు?"

వైనోకి అప్పుడు గుర్తొచ్చింది. ఆరేసింది తనే. ఆ రోజు నడుము పట్టేసిందని రెండు రోజులు మూలిగాడు కూడా.

బల్లల దగ్గర ఆడవాళ్ళు బ్రష్షులు వదిలేసి నవ్వారు. "ఉతికిన తివాచీ ఉతకడానికి ఇంత దూరం వచ్చావా తండ్రీ!"

"వచ్చాను! ఉతుకుతాను! ఏం?" అని వైనో తివాచీని బల్ల మీద దభీమని వేశాడు. పంతం కొద్దీ ముందువైపు రుద్దాడు, తిప్పి వెనకవైపు రుద్దాడు. జాడించడానికి నీళ్ళలోకి దించాడో లేదో, నది మీద గాలపు కర్ర వంగింది.

వైనో తివాచీని వదిలేసి, చేతిలో బ్రష్షుతో ఒడ్డు వెంట పరుగు.

"దారం వదులు! ఇప్పుడు చుట్టు! అయ్యో, కర్ర ఎత్తవే!"

"నోరు మూసుకుని తివాచీ చూసుకో!"

తిరిగి చూస్తే తివాచీ హాయిగా తేలుతూ అవతలి నార్వే ఒడ్డుకి బయల్దేరింది. అది తైమీ సొంత చేత్తో నేసిన తివాచీ. అదే పోతే చేప పడ్డా ఇంట్లో బతుకు లేదు. వైనో బూట్లతోనే దూకి, నడుంలోతు చల్లని నీళ్ళలో దాన్ని వాటేసుకున్నాడు. అలా గడగడ వణుకుతూ ఉండగానే వెనక చప్పట్లు వినిపించాయి. పదకొండేళ్ళు ఎదురుచూసిన క్షణాన్ని ఆయన చూడలేకపోయాడు.

చేప పందొమ్మిదిన్నర కిలోలు తూగింది.

ఎల్లె పలక తెచ్చి గీత గియ్యడం మొదలుపెట్టింది. వైనో నీళ్ళోడుతూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"తైమీ... గాలం నాదే కదా. నా పేరు కూడా ఎక్కడో ఒక మూల..."

"నీ పేరు కావాలా?"

"కావాలి."

"అయితే కారెక్కు."

గంటన్నరలో సముద్రం వచ్చింది. తైమీ చెప్పులు విడిచి నీళ్ళలో దిగి, చలికి కెవ్వుమని అరిచి, నవ్వుతూ ఏడ్చింది. ఆ మొహం చూస్తే వైనోకి నిజంగా సిగ్గేసింది. ఇంత దగ్గరున్నదాన్ని ఇన్నేళ్ళు ఎందుకు చూపించలేదో తనకే అర్థం కాలేదు. తనూ దిగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. కాసేపు బుద్ధిగానే నిలబడ్డాడు.

"తైమీ, అక్కడ ఏదో చేప ఎగిరిందే..."

"వైనో!"

"ఏం లేదు."

తిరిగొచ్చేసరికి ఒస్మో పలక పక్కకి జరిగింది. దాని చోట్లో కొత్త పలక మెరుస్తోంది. వైనో కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "తైమీ, పందొమ్మిదిన్నర కిలోలు. తెడ్డు ఎల్లెది." కింద, తోక దగ్గర, "తివాచీ ఉతికినది వైనో."

"ఎక్కిందా పేరు?" అంది తైమీ సూపు వడ్డిస్తూ.

"ఎక్కింది" అన్నాడు వైనో గొంతు తగ్గించి.

అని, లేచి, కుర్చీని బల్లకి అవతలి వైపు, గోడకి వీపు వచ్చేలా వేసుకున్నాడు. తైమీ తన కుర్చీ తెచ్చి ఆయన పాత చోట్లో వేసుకుని, గోడ వంక చూసుకుంటూ సూపు తాగింది.