రసీదు వెనకవైపు

ఆ రోజుకు నిదానం వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. తొమ్మిదింటికి గోదాములో వాష్‌బేసిన్లు దింపాలి. పదకొండున్నరకు ఆఫీసుకు తిరిగి రావాలి. పన్నెండింటికి మేనేజరు చేతుల మీదుగా ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం అందుకోవాలి. మధ్యలో లారీని దేనికీ తగిలించకూడదు, అంతే.

నిదానం అతని అసలు పేరు కాదు. ఏడాది కిందటి దాకా ఫొటో స్టూడియోలో పనిచేశాడు. జనం తమ ఫొటోలు తామే తీసుకోవడం మొదలుపెట్టి స్టూడియో మూతపడ్డాక, నలభై రెండో ఏట లారీ స్టీరింగు పట్టాడు. ఏడాదిలో అతని మీద ఒక్క ప్రమాదం కూడా నమోదు కాకపోయేసరికి ఆఫీసువాళ్ళు ముచ్చటపడి ఆ పేరు పెట్టారు. నమోదు కాకపోవడం వేరు, జరగకపోవడం వేరు. ఆ తేడా అతనికీ అతని భార్యకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ఏడాది నిండిన డ్రైవరు "నా మొదటి సంవత్సరం" అని ఒక పేజీ రాసివ్వాలి. ఆ పేజీనీ, ఆఖరి ట్రిప్పు రసీదునీ చూసి మేనేజరు సంతకం పెడితే ఉద్యోగం ఉన్నట్టు, పెట్టకపోతే ఊడినట్టు. ఊడితే తిరిగి వెళ్ళడానికి అతనికి స్టూడియో కూడా లేదు.

ముందు రోజు మధ్యాహ్నం లారీలోకి లోడు ఎక్కుతుంటే, నిదానం క్యాబిన్లో కూర్చుని అరగంటసేపు పెన్ను నమిలాడు. ఒక్క ముక్క తోచలేదు. భార్యకు ఫోను చేశాడు.

"ఏం రాయాలో తెలీడం లేదు."

"ముందు జరిగింది జరిగినట్టు రాసెయ్యండి. అప్పుడు ఏది దాచాలో తెలుస్తుంది. అది తీసేసి మిగిలింది ఇచ్చెయ్యండి."

సలహా బంగారంలాంటిదే. కానీ క్యాబిన్లో తెల్లకాగితం లేదు. రసీదుల పుస్తకంలోంచి ఒక ఖాళీ రసీదు చింపి, దాని వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు. మొదలుపెట్టాక ఆగలేదు. మూడో నెలలో ఆఫీసు గేటు స్తంభాన్ని లారీ వెనకభాగంతో గుద్దింది తనేనని రాశాడు. డ్రైవింగు నేర్పిన గురువు నేర్పినన్నాళ్ళూ పక్కసీట్లో గురకపెట్టాడని రాశాడు. ఒకసారి దారి తప్పి, లారీ తిప్పుకునే చోటు దొరక్క అరవై కిలోమీటర్లు ఎదురు దిక్కుకు పోయి, ఆఫీసులో మాత్రం రోడ్డు కొట్టుకుపోయిందని చెప్పానని రాశాడు. చివర్లో, మేనేజరు గారి కొత్త కారు పక్కద్దం విరగ్గొట్టింది కూడా తనేనని రాసి పారేశాడు. మనసు దూదిపింజలా తేలిపోయింది.

ఇంటికి వెళ్ళి దాచాల్సినవన్నీ తీసేసి చూసుకుంటే క్రమశిక్షణ, సమయపాలన, సహనం అనే మూడు మాటలు మిగిలాయి. వాటినే పేజీ నిండా సాగదీశాడు.

"ఆ రసీదు చింపేశారా?" అంది భార్య, పొద్దున్న క్యారేజీ అందిస్తూ.

"ఆ, చింపినట్టే."

చింపినట్టే అన్న రసీదు అప్పటికి ప్లాస్టిక్ ఫోల్డరులో, ఆ రోజు లోడు తాలూకు మూడు రసీదుల మధ్య నిక్షేపంగా ఉంది.

గోదాము గుమాస్తా చూపు కంటే చెయ్యి చురుకైన మనిషి. "మూడు కాపీలు ఇవ్వండి," అన్నాడు తలెత్తకుండా. నిదానం ఫోల్డరులోంచి పైపైన మూడు తీసి ఇచ్చాడు. టక్ టక్ టక్‌మని మూడింటి మీదా ముద్ర పడింది: "సరుకు చెక్కుచెదరకుండా అందింది." ఒకటి గోదాముకు ఉంచుకున్నాడు, ఒకటి నిదానానికి ఇచ్చాడు, మూడోది కవరులో పెట్టి అంటించాడు. ఆ కవరు డ్రైవరు చేతికి ఇవ్వకూడదని రూలు. అదే కంపెనీ లారీ ఇంకొకటి ఖాళీగా ఆఫీసుకు బయల్దేరుతుంటే దాని డ్రైవరుకు అందించాడు. ఆ డ్రైవరు ఎవరో కాదు, నిదానానికి పని నేర్పిన గురువే.

"నీ భవిష్యత్తు నా జేబులో ఉందిరోయ్!" అని నవ్వుతూ గురువు వెళ్ళిపోయాడు.

పది నిమిషాల తర్వాత నిదానం క్యాబిన్ ఎక్కి, ఇక ఆ రసీదు చింపేద్దామని ఫోల్డరు తెరిచాడు. ముద్ర పడ్డ రసీదు ఒకటి ఉంది. ముద్ర పడని అసలు రసీదు ఇంకొకటి ఉంది. వెనక నిజం రాసిన రసీదు లేదు. ఫోల్డరు దులిపాడు, సీటు కింద వెతికాడు, చివరికి క్యారేజీ మూత కూడా తీసి చూశాడు. ఒక్క పరుగున గుమాస్తా దగ్గరికి వచ్చిపడ్డాడు.

"మీ దగ్గరున్న కాపీ చూపించండి!"

గుమాస్తా చూపించాడు. అది అసలుదే.

"అయితే కవరులో పెట్టిన కాగితం... దాని వెనక చూశారా?"

"వెనకెందుకు చూస్తాను? ముద్ర వేసేది ముందు కదా."

"ముందు ఏముంది?"

"ఏమీ లేదు. ఖాళీగానే ఉంది."

"ఖాళీ కాగితం మీద ముద్ర ఎలా వేశారండీ?"

"మీరు ఇచ్చారు, నేను వేశాను. పదహారేళ్ళుగా ఇంతే. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు."

నిదానం బయటికి పరుగెత్తాడు. గురువుకు ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. లారీ కదులుతుండగా ఫోను ఎత్తకూడదన్నది గురువు నేర్పిన మొదటి పాఠం. గురకల మధ్య ఆయన నిజంగా నేర్పిన పాఠం అదొక్కటే, దాన్ని ఆయన ఇవాళ కూడా తప్పలేదు.

వెంటపడి పట్టుకోవాలనుకున్నాడు. కానీ ఆ కంపెనీ లారీలన్నింటికీ వేగం అరవై దగ్గర కట్టేసి ఉంటుంది. ముందు పోయే లారీకీ అరవయ్యే, వెనక తరిమే లారీకీ అరవయ్యే. నిదానం యాక్సిలరేటరు మీద నిలబడ్డంత పని చేసినా, వాళ్ళిద్దరి మధ్య పది నిమిషాలు పది నిమిషాలుగానే ఉండిపోయాయి. ప్రపంచంలో ఇంత నెమ్మదైన తరుముడు ఇంకొకటి జరిగి ఉండదు.

గంట గడిచాక దేవుడు కరుణించాడు. దారి పక్క టీ దుకాణం ముందు గురువు లారీ ఆగి కనిపించింది. పక్కన ఒక్క లారీకి చోటుంది, అదీ వెనక్కి వెళ్తేనే పట్టే చోటు. నిదానానికి ఏడాదైనా చేతకాని విద్య ఏదైనా ఉందంటే అదే. దిగి పరుగెత్తుదామంటే రోడ్డు మధ్యలో లారీ వదిలేయడానికి లేదు. రివర్సు వేశాడు.

టీ తాగుతున్నవాళ్ళంతా గ్లాసులతో సహా లేచి వచ్చారు.

"రానీ, రానీ!"

"కుడికి కొట్టు! నీ కుడి కాదు, నా కుడి!"

"ఆపు ఆపు! ఏం లేదు, రానీ!"

తొమ్మిదోసారికి లారీ సరిగ్గా సందులో కూర్చుంది. ఏడాదిలో మొదటిసారి లారీ మీద గీత కూడా పడలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నిదానం దూకి చూస్తే గురువు లారీ అప్పటికే మలుపు తిరుగుతోంది. తన లారీ మళ్ళీ ఆ సందులోంచి బయటపడేసరికి పది నిమిషాలు కాస్తా పదిహేనయ్యాయి.

ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ కనపడగానే నిదానం లారీ ఆపి దిగాడు. కవరు విప్పేసి ఉంటారు, స్తంభం సంగతి ఈపాటికి అందరికీ తెలిసిపోయి ఉంటుంది. అడక్కముందే ఒప్పుకుంటే పరువైనా దక్కుతుందనుకున్నాడు.

"అన్నా, క్షమించు. ఆ స్తంభం నేనే గుద్దాను. కావాలని కాదు."

వాచ్‌మన్ నోరు తెరిచాడు. "ఏంటీ? నువ్వా? నా కుర్చీ ఆనించడం వల్లే వంగిందనుకుని, తొమ్మిది నెలలుగా అడుగున ఇటుకలు దోపుతూ ఎవరికీ కనపడకుండా దానికి అడ్డం నిలబడుతున్నానే! నడుం పడిపోయింది కదయ్యా!"

"అంటే... నీకెవరూ చెప్పలేదా?"

"ఇప్పుడు నువ్వే చెప్పావు."

వాచ్‌మన్ నడుం పట్టుకుని వెంటపడ్డాడు. లోపల గురువు టైర్లు తడుముతూ నిలబడ్డాడు.

"కవరేదండీ?"

"ఎప్పుడో ఇచ్చేశాను."

"అందులో మీ గురక గురించి రాసింది మనసులో పెట్టుకోకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

గురువు చేతిలోని గుడ్డ జారి కిందపడింది. "నా గురకా? కళ్ళు మూసుకుని ఇంజను శబ్దం వింటున్నానురా నేను!"

"రెండు శబ్దాలూ వినపడేవండీ."

"అంటించిన కవరు అది. అందులో ఏముందో నాకేం తెలుసు? నువ్వు చెప్పబట్టి తెలిసింది!"

అలా గురువు కూడా వెంటపడ్డాడు. నిదానం మెట్లు రెండేసి ఎక్కుతూ ఫైళ్ళూ లారీల దారులూ చూసే మేడమ్ బల్ల దగ్గరికి చేరేసరికి ఊపిరి అందడం లేదు. ఆ ఊపిరి అందని గొంతుతోనే, "మేడమ్, రోడ్డు కొట్టుకుపోవడం అబద్ధం, నేనే దారి తప్పాను," అని కక్కేశాడు.

మేడమ్ కళ్ళజోడు తీసింది. మళ్ళీ పెట్టుకుంది. "ఆ రోడ్డు బాగానే ఉందా?"

"అద్దంలా ఉంది మేడమ్."

"నీ మాట నమ్మి ఏడు నెలలుగా పన్నెండు లారీలని చుట్టుదారిలో పంపిస్తున్నాను కదయ్యా!"

"కవరులో కాగితం వెనక రాసింది మీరు చదవలేదా?"

"ముద్ర ఉంది, ఫైలుకు కుట్టి సార్‌కు పంపాను. చదవడమేంటి?"

నిదానానికి అప్పుడు అర్థమైంది. దారి పొడవునా ఆ కాగితం వెనక్కి తిప్పినవాడు ఒక్కడూ లేడు. తను నోరు మూసుకుని ఉంటే నిజం ఫైలులో చల్లగా పడుకునేది. ఇంటింటికీ వెళ్ళి దాన్ని నిద్రలేపింది తనే. తల గోడకేసి కొట్టుకుందామనుకున్నాడు కానీ, అప్పటికే వాచ్‌మన్, గురువు, మేడమ్ ముగ్గురూ అతన్ని ముందుకు తోసుకుంటూ మేనేజరు గదిలోకి దారితీశారు.

మేనేజరు పెన్ను అప్పుడే కాగితానికి ఆనబోతోంది.

"సార్, సంతకం పెట్టకండి!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో. "ఆ రసీదు వెనక చూడండి!"

మేనేజరు తిప్పాడు. చదివాడు. స్తంభం దగ్గర కనుబొమలు లేచాయి. గురక దగ్గర గురువు వైపు చూశాడు. రోడ్డు దగ్గర మేడమ్ వైపు చూశాడు. ఆఖరి పేరా దగ్గర ఎవరి వైపూ చూడలేదు. మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

"మీరంతా బయటికి వెళ్ళండి. నువ్వు ఉండు. తలుపు వెయ్యి."

నిదానం తలుపు వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భార్యకు ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాడు.

"కారద్దం... నువ్వా?" అన్నాడు మేనేజరు.

"నేనే సార్. తప్పయిపోయింది."

"అది మా బావమరిది విరగ్గొట్టాడని నలుగురిలో తిట్టానయ్యా. వాడు మా గుమ్మం తొక్కి ఆర్నెల్లయింది. మా ఆవిడ రోజూ మొత్తుకుంటోంది, మా తమ్ముడు అలాంటివాడు కాదండీ అని. ఒకవేళ వాడు కాకపోతే మా ఊరంతా చూసేలా వాడి కాళ్ళు పట్టుకుంటానని పంతం పట్టాను."

"అయితే నేను ఇప్పుడే మీ ఇంటికొచ్చి, అమ్మగారికి ఉన్నమాట చెప్తాను సార్."

"వద్దు!" మేనేజరు కుర్చీలోంచి లేచిపోయాడు. "నువ్వు నిజం చెప్పింది చాలు!"

కాసేపు అటూ ఇటూ పచార్లు చేశాడు. తర్వాత తనలో తను లెక్కలు కట్టుకున్నట్టు గొణిగాడు. "నిన్ను తీసేస్తే కారణం రాయాలి. కారణం రాస్తే ఈ కాగితం జతచెయ్యాలి. జతచేస్తే పై ఆఫీసుకు వెళ్తుంది. అక్కడ ఫైళ్ళు చూసేది మా మామగారు."

ఆ ఏడాదిలో నిదానానికి ఎన్నో ఎదురుదెబ్బలు తగిలాయి గానీ, తను చేసిన తప్పు తననే కాపాడడం ఇదే మొదటిసారి.

మేనేజరు తలుపు తీశాడు. బయట ముగ్గురూ తలుపుకు చెవులు ఆనించి ఉన్నారు, తడబడి సర్దుకున్నారు.

"స్తంభం కింద ఇటుకలు, శిక్షణలో గురకలు, చూడకుండా మార్చిన దారులు. అన్నింటి మీదా విచారణ వేయించమంటారా?"

వాచ్‌మన్‌కు గేటు గుర్తొచ్చింది. గురువుకు టైర్లు గుర్తొచ్చాయి. మేడమ్‌కు ఒక్కసారిగా పన్నెండు ఫోన్లు చెయ్యాలని గుర్తొచ్చింది. అరనిమిషంలో వరండా ఖాళీ అయింది.

మేనేజరు వచ్చి కుర్చీలో కూలబడి, సంతకం పెట్టి, ఉద్యోగం ఖాయం చెయ్యడానికి కారణం అన్న గడిలో "నిజాయితీ" అని గుండ్రంగా రాసి, రసీదు వెనకున్న ఆ నిజాయితీని నాలుగు ముక్కలుగా చింపి చెత్తబుట్టలో వేశాడు.