పొట్టేలికి కట్టిన మోకాలి పట్టీ

తన మోకాలిని కాపాడుతున్నది ఆంజనేయస్వామా, మోకాలి పట్టీనా అన్న అనుమానం సుంకప్పకు పన్నెండేళ్లుగా తీరలేదు. అప్పట్లో కబడ్డీ ఆడుతూ ఉంటే మోకాలు మెలిపడి, వేరుశనగ విత్తే అదను కాస్తా మంచం మీదే దాటిపోయింది. నయమైతే టెంకాయ కొడతానని స్వామికి మొక్కుకున్నాడు. అదే వారం కదిరిలో పట్టీ కూడా కొన్నాడు. మోకాలు కుదిరింది. పుణ్యం ఎవరిదో తేలేదాకా కాయ కొట్టడం బాగుండదని ఆగిపోయాడు.

ఆ ఆదివారం పది గంటలకు శింగనమల జట్టుతో ఆట. స్నానం చేసి, దీపం పెట్టి, పట్టీ కోసం దండెం మీద చెయ్యి వేశాడు. లేదు.

"ఏమే, నా పట్టీ యాడ పెట్టినావ్?"

"పొట్టేలు కుంటతా ఉంటే దానికి కట్టినా," అంది భార్య లక్ష్మక్క. "నీ మోకాలిని కాపాడేది దాని మోకాలిని కాపాడదా?"

"ఆడాల్సింది నేనా, అదా? వారంలో విత్తనం ఎయ్యాల. ఉత్త కాలితో దిగి మళ్లీ పడకేస్తే ఎవరు ఏస్తారు?"

అతను చెయ్యి చాచగానే పొట్టేలు తాడు తెంపుకుంది. కుంటడం మరిచి పరుగందుకుంది. సుంకప్ప వెంటపడ్డాడు. దొంగలు పడ్డారనుకుని పక్కింటి నరసింహప్ప కట్టె పట్టుకుని కలిశాడు. మైదానం దగ్గరున్న జట్టువాళ్లు తమ కెప్టెన్ ఒళ్లు వేడెక్కించుకుంటున్నాడనుకుని వెనకే వరుస కట్టారు. శింగనమల వాళ్లకు మాత్రం ఇంకోలా అర్థమైంది.

"ఏమప్పా, ఆడకముందే పారిపోతాండారే!"

రెండు గట్లు, ఒక ముళ్లకంప, ఎండిన వంక దాటి పొట్టేలు తిరిగి తిరిగి కబడ్డీ గీతల్లోకే వచ్చింది. సుంకప్ప దూకి దాని కాలు పట్టేశాడు. శింగనమల వాళ్లే చప్పట్లు కొట్టారు.

ఆటల మాస్టారు జయరాం పట్టీ విప్పి, సాగదీసి వదిలాడు. అది మళ్లీ ముడుచుకోలేదు.

"సుంకప్పన్నా, దీని రబ్బరు చచ్చి ఎన్నేండ్లయిందో! ఇది ఉత్త గుడ్డ."

"మరి ఇన్నాళ్లూ నన్ను కాపాడింది?"

"పాత దెబ్బకు గట్టి పట్టీ కొంచెం ఆసరా. కొత్త దెబ్బ తగలకుండా ఆపుతాదని మాత్రం చెప్పలేం. తొడల్లో బలముండాల. ఇప్పుడు గట్లు ఎగిరినావే, నొచ్చిందా?"

సుంకప్ప మోకాలు తడుముకున్నాడు. వాపు లేదు, నొప్పి లేదు. గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. ఉత్త కాలితోనే ఆడి, రెండు పాయింట్ల తేడాతో ఓడి, నవ్వుతూ ఇంటికొచ్చాడు.

"పన్నెండేండ్లు గుడ్డను నమ్ముకొని దేవుణ్ని కాచుకోబెట్టినావు గదయ్యా," అంది లక్ష్మక్క.

శనివారం పొద్దున ఆంజనేయుడి గుడిమెట్టు మీద పన్నెండేళ్ల నాటి మొక్కు టెంకాయ పగిలింది. కొట్టినవాడి మోకాలికి కదిరి నుంచి తెచ్చిన కొత్త పట్టీ ఉంది.