తల్లిగారింటి షుగర్

మనిషికి షుగర్ రక్తంలో నుంచి రాదు, ఇంటిపేరులో నుంచి వస్తుంది. ఈ మహా సత్యాన్ని మొట్టమొదట కనుక్కున్న ఘనత మా నల్గొండకే దక్కింది. డాక్టర్లు ఇంకా ఒప్పుకోలేదు గానీ, యాప్ ఒప్పుకుంది. యాప్ ఒప్పుకున్నాక డాక్టర్లతో పనేముంది?

ఆ యాప్ పేరు ‘తీపి నేస్తం’. పోయిన ఎండాకాలం దాన్ని ట్యాబులో పెట్టుకుని నర్సు పుష్పమ్మ మా ఇంటికి వచ్చింది. ఇంటింటి వంశ చరిత్ర రాసుకోవాలట. మా ఆయన దామోదర్ చొక్కా వేసుకుని వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

“మీ ఇంట్ల ఎవరికన్న షుగర్ ఉన్నదా అన్నా?”

“మావోళ్లల్లనా? షుగరంటే ఏందో గూడ ఎరుకలేదు. మా బాపు వెంకటనర్సుకు ఎనభై ఆరేండ్లు. ఇప్పటికీ బాయి కాడికి నడిచే పోతడు” అన్నారు మా ఆయన, ఆ నడకంతా తానే నడిచినట్టు. (ఆయన తన కిరాణా దుకాణానికి బండి మీద పోతారు. దుకాణం మా ఇంటికి నాలుగిళ్ల అవతల.)

నేను వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చాను. “మా అమ్మకు షుగర్ ఉండె, చెల్లె. కాలుకు పుండై, రెండు వేళ్లు తీసేసిండ్రు. గా పుండుతోనే పోయింది. మా తమ్మునికి గూడ ఉన్నది.”

“గది మీ తల్లిగారింటి ముచ్చటక్కా” అంది పుష్పమ్మ మెల్లగా. “యాప్ల గీ ఇంటోళ్లదే అడుగుతాంది.”

“మా బిడ్డ స్నిగ్ధకు అమ్మమ్మనే గదా.”

“అమ్మమ్మకు డబ్బా లేదు. నాయినమ్మ, తాత, గా రెండే ఉన్నయి.”

“మరి నా సంగతి?”

“నీ పెండ్లి ఎప్పుడైంది?”

“తొంభై ఏడుల.”

“అయితే నీ చరిత్ర అప్పుడే ట్రాన్స్‌ఫర్ అయింది” అని ట్యాబు మీద వేలితో నొక్కింది.

పెళ్లినాడు నా గోత్రం మారిందని తెలుసు. రక్తం కూడా మారిందని పంతులు చెప్పలేదు. (భోజనాల తొందరలో మరిచిపోయి ఉంటాడు.) ఏదైతేనేం, మా ముగ్గురికీ మూడు పచ్చ టిక్కులు పడ్డాయి. వంశ చరిత్ర లేదు, ప్రమాదం లేదు, పరీక్ష అవసరం లేదు.

నాకు ఏ విషయంలోనైనా చెడ్డదే ముందు తోస్తుంది. మా స్నిగ్ధకు ఇరవై ఐదేళ్లు. ఇన్సూరెన్సు ఆఫీసులో కంప్యూటర్ ముందు తొమ్మిది గంటలు కూర్చుంటుంది. సాయంత్రం ఎగ్‌పఫ్, కూల్‌డ్రింక్. ఈ మధ్య లీటరు సీసా నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగుతోంది. మెడ వెనక నల్లబడింది. సరిగ్గా స్నానం చేయడం లేదని సున్నిపిండి పెట్టి రుద్దాను, పోలేదు. మా అమ్మ మెడ కూడా అట్లాగే ఉండేది. అది గుర్తొచ్చిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగలేదు.

“ల్యాబుకు పోదాం రా బిడ్డా. ఒక్క సూదే.”

“యాప్ల పచ్చగున్నదే అమ్మా. గవర్నమెంటే లేదంటాంది, నువ్వేమో ఉన్నదంటవు. ఎవరి మాట ఇనాలె?” అంది. ఆ పచ్చ టిక్కును వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టుకుంది. ఫొటో అంచున కూల్‌డ్రింక్ సీసా మూత కనబడుతోంది.

అంటే నా బిడ్డ తిండి మారాలంటే, ముందు దాని చరిత్ర మారాలి. చరిత్రను మార్చడానికి మా ఊళ్లో ఒక ఆఫీసు ఉంది. పేరు వంశ చరిత్రల సవరణ విభాగం. రెండో అంతస్తు. లిఫ్టు పనిచేయదు. మెట్ల దగ్గర ‘రోజూ ముప్పై నిమిషాలు నడవండి’ అని బోర్డు పెట్టారు. మొదటి కౌంటర్‌లో ఫారం ఇస్తారు, దాన్ని నింపడానికి పెన్ను కింద జిరాక్సు షాపులో దొరుకుతుంది, నింపిన ఫారం మూడో కౌంటర్‌లో తీసుకోరు. నాలుగు రోజులు ఎక్కి దిగేసరికి నా జాకెట్లు వదులయ్యాయి. జీవనశైలి మార్పు అనే మాటను ఇంత నిక్కచ్చిగా అమలు చేసిన విభాగం మరొకటి ఉండదు.

సవరణ అధికారి రామచంద్రం గారు మా అమ్మ గుర్వమ్మ మరణ పత్రాన్ని వెలుతురుకు పెట్టి చదివారు.

“గుండె ఆగి అని ఉన్నది. షుగర్ అని యాడుందమ్మా?”

“ఎవరు పోయినా గుండె ఆగే పోతరు గద సార్.”

“గది నేనూ ఒప్పుకుంట. కానీ నేను ఒప్పుకుంటె సరిపోదు” అని నియమాల పుస్తకం తీశారు. పద్నాలుగో నియమం ప్రకారం, మృతురాలికి తీపితో ఉన్న సంబంధాన్ని కళ్లారా చూసిన సాక్షి కావాలి.

మా పుట్టింటి పక్కింట్లో ఉండే లింగయ్య కాకను బస్సెక్కించి తెచ్చాను. ఆయన రెండంతస్తులెక్కి, పది నిమిషాలు రొప్పి, ప్రమాణం చేశారు.

“గుర్వమ్మ తీపి మానేసిందా?” అని అడిగారు రామచంద్రం గారు.

“యాడ మానేసింది సార్. మా మనుమరాలి పెండ్లిల రెండు లడ్డూలు తిని, ఒకటి కొంగుల కట్టుకున్నది.”

“డాక్టరు వద్దన్నంకనా?”

“వద్దన్నంకనే. అంతకుముందు ఒకటే తింటుండె.”

రామచంద్రం గారు పెన్ను మూత తీశారు. “ఇగ అనుమానం లేదు. షుగర్ ఉన్నట్టే.”

నాకు కళ్లనీళ్లొచ్చాయి. కానీ ఇంకొక్క కాగితం ఉందట. తల్లివైపు నుంచి ఏది ఆడపిల్లకు రావాలన్నా, మగ వారసుడి నిరభ్యంతర పత్రం కావాలి. షుగర్ కూడా ‘ఏది’లోకే వస్తుందని విభాగం ఎప్పుడో తేల్చింది.

తమ్ముడు ఐలేశం మేళ్లచెరువు దగ్గర ఉంటాడు. అమ్మ పేరు మీదున్న రెండెకరాలు అతనే చేసుకుంటున్నాడు. ఆ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల వల్ల జాగాలకు రేట్లు పెరిగాయి. తమ్ముడు నా ఫారాన్ని రెండుసార్లు చదివాడు. మరదలు తెచ్చిన చక్కెర లేని టీని ఊదుకుంటూ మూడోసారి చదివాడు.

“అక్కా, గిండ్ల ‘వారసురాలు’ అని రాసిండ్రు.”

“షుగర్‌కు తమ్మీ.”

“ఇయ్యాల షుగర్‌కంటవు. రేపు గిదే కాయితం పట్టుకొని భూమికి గూడ అంటే?”

“నాకు భూమి వద్దురా. నేను అమ్మ బిడ్డనని ఒక్క సంతకం పెట్టు చాలు. పోరి మెడ నల్లగైతాంది.”

“సంతకం పెడ్తనే. నువ్వు గూడ ఒకటి పెట్టు” అన్నాడు. చెడ్డవాడేం కాదు. నాకు చేపల కూర వండించాడు, బస్టాండు దాకా వచ్చాడు. దారిలో నోటరీ దగ్గర ఆపాడు.

నేను సంతకం చేసిన కాగితంలో ఇట్లా ఉంది. “వసంతలక్ష్మి అను నేను, నా తల్లి గుర్వమ్మ పేరిట గల రెండెకరాల భూమిలో నాకు గానీ నా సంతానానికి గానీ ఎట్టి హక్కు లేదని, సదరు గుర్వమ్మ షుగర్‌లో మాత్రం మాకు సంపూర్ణ హక్కు కలదని, ఎవరి బలవంతం లేకుండా రాసి ఇవ్వడమైనది.”

వారం తిరక్కముందే టిక్కు రంగు మారింది. స్నిగ్ధ ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసింది. చేతిలో కూల్‌డ్రింక్ సీసా సగం నిండుగానే ఉంది.

“అమ్మా, ఎర్రగైంది. గిప్పుడేం జెయ్యాలె?”

మూడు నెలలుగా నేను చెప్పినవే మళ్లీ చెప్పాను. ఈసారి వింది. (యాప్ వెనక నుంచి చెబితే అమ్మ మాటకు కూడా విలువ ఉంటుంది.) మర్నాడు పరగడుపున పుష్పమ్మ వచ్చి దాని వేలికి సూది గుచ్చింది. నూట పద్నాలుగు.

“షుగరని ఇప్పుడే అనలేం. గడప దాకా వచ్చి నిలవడ్డది” అంది పుష్పమ్మ. “దవాఖానల ఇంకోసారి రక్తమియ్యాలె. అన్నం జర తగ్గియ్యి, రోజూ నడువు, గా సీసాలు బంజేయి. ఇప్పుడు చూసుకుంటె ఎనక్కి పోతది.”

స్నిగ్ధ ఆ రోజు ఆఫీసుకు నడిచి పోయింది. మా ఆయన కూడా బండి తీయకుండా నాలుగిళ్లూ నడిచారు, సంఘీభావంగా. నేను దేవుడికి దండం పెట్టుకుంటుంటే పుష్పమ్మ ట్యాబు చూసి ఆగింది.

“నీ వేలు గూడ ఇయ్యక్కా. నీది గూడ ఎర్రగైంది.”

నా టిక్కు సంగతి నేను చూసుకోలేదు. వేలిచ్చాను. రెండు వందల డెబ్బై రెండు. సూది తప్పు గుచ్చావేమో అన్నాను. రెండో వేలికి గుచ్చింది. రెండు వందల డెబ్బై నాలుగు.

మా అమ్మ కాలి వేళ్లే కళ్ల ముందు మెదిలాయి. ఎవరికి చెప్పాలో తోచక తమ్ముడికి ఫోన్ చేశాను. అంతా విన్నాడు. తర్వాత చాలా ప్రేమగా అన్నాడు.

“ఫికర్ జెయ్యకక్కా. నీ వాటా నీకు ముట్టింది.”