పది సెంటీమీటర్ల నొప్పి

సమస్త ప్రజానీకానికీ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఏ మనిషి నొప్పీ పది సెంటీమీటర్లు దాటరాదు.

ఇది నా మాట కాదు. నరాల నొప్పి ఉన్నవాళ్లకి సగం ధరకి మాత్రలు ఇప్పించే ఆఫీసు వారి మాట. నేను ఏడో తరగతితో చదువు ఆపేసిన టైలర్ని. నడుం దగ్గర నలిగిన నరం ఒకటి కుడికాలి బొటనవేలి దాకా నిప్పు పోస్తుంటుంది. మాత్ర వేసుకుంటే రోజుకి నాలుగు చొక్కాలు కుడతాను. వేసుకోకపోతే మిషను తొక్కలేక కాజాలు కుట్టుకుంటూ కూర్చుంటాను. పూర్తి ధరకి కొనాలంటే మాత్రల కోసం కుట్టాలి, కుట్టడం కోసం మాత్రలు మింగాలి. (దీన్నే చదువుకున్నవాళ్లు ఉపాధి అంటారనుకుంటా.)

కాబట్టి ఆ సగం ధర కార్డే నాకు ఆధారం. ఆరు నెలలకోసారి వెళ్లి, నొప్పి ఇంకా బతికే ఉందని చూపించుకోవాలి. పరీక్ష తేలికే. నొప్పి కొలతల గుమాస్తా గారు ఒక కాగితం ఇస్తారు. దాని మీద పది సెంటీమీటర్ల గీత. నొప్పి ఎంతవరకు ఉందో అక్కడ టిక్కు పెట్టాలి. ఆరు దాటితే కార్డు. ఆఫీసు మూడో అంతస్తు. లిఫ్టు కూడా ఉంది (దాని తలుపు మీద 'త్వరలో' అని రాసి ఉంది).

పోయిన నెల ఒకరోజు పొద్దున మాత్ర వేసుకుని మెట్లెక్కాను. గీత చూశాను. వృత్తి దోషం, కొలత తప్పు చెప్పలేను. నాలుగు దగ్గర పెట్టాను.

గుమాస్తా స్కేలు ఆనించి చూశారు. "సరిగ్గా నాలుగు. మందు బాగా పనిచేస్తోందండీ."

"బ్రహ్మాండంగా చేస్తోందండీ."

"అయితే ఇక మందు అక్కర్లేదు. కార్డు రద్దు."

"మాత్ర వేసుకున్నాను కాబట్టే నాలుగండీ."

"ఆ సంగతి గీత మీద లేదు కదా. అప్పీలు పెట్టుకోండి, మళ్లీ కొలుస్తాం."

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. "ఊళ్లోవాళ్లందరికీ అంగుళం వదులు పెట్టి కుడతారు. మీ నొప్పికి పెట్టుకోలేకపోయారా?"

"అది మోసం కదే."

"సరే, రెండు రోజులు మాత్ర మానేయండి. మోసం అక్కర్లేకుండా అదే పెరుగుతుంది."

పెరిగింది. అప్పీలు రోజుకి తొమ్మిదిన్నర అయ్యుంటుందని నా అంచనా. చిక్కల్లా మెట్ల దగ్గరే వచ్చింది. ఏడో మెట్టు మీద కూలబడ్డాను. పైన నన్ను పిలవడం శుభ్రంగా వినపడింది. "వస్తున్నానండీ" అన్నాను. ఇంకో రెండుసార్లు పిలిచారు (నిబంధన ప్రకారం మూడు). తోడొచ్చిన మా ఆవిడ పైకి వెళ్లింది. ఒకరి నొప్పి గురించి ఇంకొకరు మాట్లాడరాదని చెప్పి పంపేశారు.

కాసేపటికి గుమాస్తా టీకి దిగుతూ నన్ను చూసి ఆగారు. మంచి మనిషి.

"అయ్యో, టైలర్ గారూ, ఇక్కడున్నారా? పిలిచాను కదా."

"కాలు లేవడం లేదండీ."

"అంత నొప్పా?"

"అంతేనండీ."

"మిమ్మల్ని చూస్తేనే తెలుస్తోంది" అని ఆయన నిజంగానే బాధపడ్డారు. "ఒక్కసారి పైకొచ్చి ఆ ముక్క చెప్పండి, రాసుకుంటాను."

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. మా ఆవిడ చదివి వినిపించింది. "మూడుసార్లు పిలిచినను హాజరు కానందున, దరఖాస్తుదారునికి నొప్పి లేదని నిర్ధారించడమైనది."

మడిచి నా చేతిలో పెట్టింది.

"పోనీలెండి, మీకు నయమైందట."